కోత

ముమ్మిడివరం కోర్టు గేటు పక్కన
జిరాక్సు కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య
ఆరడుగుల గది, నా ఆఫీసు.
కరెంటు పోతే దావా ఫోనులోనే తయారవుతుంది.

మూడు నెలలైంది దీన్ని పెట్టుకుని.
అర్ధరాత్రి అఫిడవిట్ అడిగినా విసుక్కోదు,
వాయిదాలు మరిచిపోదు,
నలభై పేజీల సాక్ష్యాన్ని
నా టీ చల్లారేలోపు అర పేజీ చేసి పెడుతుంది.
గుమాస్తా రాఘవులు గారు దాన్ని
"కొత్త జూనియరు" అంటారు,
కాస్త ఎటకారంగా, కాస్త భయంగా.
"జీతం అడగదు సరే,
తప్పు రాస్తే చివాట్లెవరికండీ?"

నిజమే. మొన్నొక తీర్పు ఇచ్చింది,
సంపుటం, సంవత్సరం, పేజీతో సహా.
బార్ లైబ్రరీలో దుమ్ము దులిపి తీస్తే
ఆ పేజీలో ఇద్దరు అన్నదమ్ములు
ప్రహరీ గోడ కోసం కొట్టుకుంటున్నారు.
నాకు కావాల్సిన తీర్పు
ఏ జడ్జీ ఎప్పుడూ రాయలేదు.
ఎంత బాగుందో కానీ, లేని ఆ తీర్పు!
ఉండుంటే గెలిచేదాన్ని.

మంగళవారం పంటు దిగి
గుత్తుల మంగాయమ్మ వచ్చింది,
మడతల దగ్గర చిరిగిన దస్తావేజు
పాలిథిన్ కవర్లో పెట్టుకుని.
పెదతోట లంకలో ఎకరం ముప్ఫై సెంట్లు.
తూర్పు హద్దు గౌతమీ గోదావరి.
పడమర చిట్టబ్బాయి వగైరాల కొబ్బరి తోట.
ఏరు అట్నుంచి డెబ్బై సెంట్లు తినేస్తే
మిగిలిన అరవైలోకి
ఇట్నుంచి చిట్టబ్బాయి గట్టు జరిపాడు.

ఆమె చెప్పింది, ఫోను వింది.
"కోతకెల్లిపోయిందండి డెబ్బై సెంట్లు..."
ఆమె చెప్పడం ఆపి మంచినీళ్ళు తాగేలోపు
పదకొండు పేరాల ఇంగ్లీషు,
ఇస్త్రీ చేసిన కోటులా, ఎక్కడా ముడత లేకుండా.

రాఘవులు గారిదొక పట్టుంది.
"చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని"
అన్న ఆఖరి వాక్యం
ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారీ
అబద్ధం కానివ్వలేదాయన.
అందుకని పేరా పేరా తెలుగు చేసి
పైకి చదువుతున్నాను.
నాలుగో పేరాలో నా గొంతే నాకు అడ్డం పడింది:
వాది భూమిలో డెబ్బై సెంట్లు
పంట కోతకు వెళ్ళినవి.
ప్రతి యేటా ఆ కోత వల్ల
వాది లాభము పొందుచున్నది.

రాఘవులు గారు కళ్ళజోడు తీశారు.
మంగాయమ్మ నవ్వింది.
"తప్పేం రాసిందండి? కోతే కదా.
నాటింది మేం. కోసుకుపోయింది గోదారి."

ఆ తర్వాత చెప్పింది,
నేను అడగని సంగతి, ఏ పేరాలోనూ పట్టనిది:
ఒడ్డు విరిగే ముందు కుక్కలు లేచి నుంచుంటాయట.
కొబ్బరి చెట్టు ఒరిగి పడదట,
నించున్నది నించున్నట్టే
గెలల్తో సహా దిగిపోతుందట,
ఎవరో కింద నుంచి పిలిచినట్టు.

ఫోను ఆపేసి ఉంది అప్పటికి.

నేను దిద్దాను. నది కోత అని రాశాను.
యంత్రం వెంటనే క్షమాపణ చెప్పింది.
చిట్టబ్బాయి నోట ఆ మాట
ఆరేళ్ళుగా రాలేదంది మంగాయమ్మ.

పీచు తీసీ తీసీ గీతలు చెరిగిన బొటనవేలు.
రేషను మిషనుకి నాలుగుసార్లు చూపిస్తే గానీ
నువ్వే నువ్వని ఒప్పుకోదట.
కాగితం మాత్రం ఒక్కసారికే పట్టింది,
నల్లగా, గుండ్రంగా,
హద్దుల్లేని మచ్చ.

"పేషీ ఎప్పుడండి?"
ఫోనుని అడిగాను. నంబరైతే
ఆగస్టు రెండో వారంలో పడొచ్చంది.
"వరదల్లోనా?"
వేలికంటిన సిరా తలకి రాసుకుని
మంగాయమ్మ లేచింది,
ఆఖరి పంటు ఐదున్నరకి.

షెడ్యూలు మీద రాఘవులు గారు
తూర్పు హద్దు దగ్గర
పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఉంచారు.
దాఖలు చేసే రోజు
మళ్ళీ ఒకసారి చూసి రావాలట, నడిచి.